తిరుగుతోంది సరే, వేడేదీ?

ఉతకడం కష్టమా, ఆరబెట్టడం కష్టమా అని విశాఖలో కాపురం చేసే ఏ ఇల్లాలినైనా అడగండి. ఆరబెట్టడమే అంటుంది. సముద్రం పక్కన ఊరు. గాలికి కొదవలేదు గానీ ఆ గాలిలోనే తడి. ఆషాఢంలో పట్టిన ముసురు ఒక పట్టాన వదలదు. వదిలిందిరా బాబూ అనుకునేసరికి ఆశ్వయుజంలో బంగాళాఖాతంలో వాయుగుండం. పోర్టుకి దగ్గరగా పాతపట్నం వైపు ఉండేవాళ్ళకి ఇంకో బాధ. తెల్లదుప్పటి దండెం మీద వేస్తే సాయంత్రానికి బొగ్గు ధూళి పట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. ద్వారకా నగర్‌లో మాకు ఆ ధూళి అంతగా రాదు గానీ, అపార్టుమెంటుని ఆనుకుని అపార్టుమెంటు. ఎండ ఏ బాల్కనీలోకి ఏ గంటకు వస్తుందో పంచాంగం చూసి చెప్పాల్సిందే!

అందుకే, ఒకప్పుడు అమెరికా చుట్టాలు చెబితే నోరు తెరుచుకుని విన్న బట్టలారబెట్టే యంత్రం, అదే డ్రయరు, మెల్లగా మన ఇళ్ళలోకీ వచ్చింది. అందరిళ్ళలో లేదు. పసిపిల్లలో, మంచం పట్టిన పెద్దవాళ్ళో ఉన్న ఇళ్ళలో మాత్రం దాని విలువ తెలుసు. ఈ యంత్రం పుట్టుక వెనకా ఒక తల్లి కష్టం ఉందంటారు. అమెరికాలోని నార్త్ డకోటాలో శీతాకాలం వస్తే దండెం మీది బట్టలు ఆరకపోగా గడ్డకట్టి అట్టముక్కల్లా నిలబడతాయి. ఆ చలిలో తల్లి బట్టలారేస్తుంటే చూడలేక జె. రాస్ మూర్ అనే ఆయన వేడిగాలితో తిరిగే పీపా ఒకటి తయారుచేశాడట. 1938లో అది అమ్మకానికి వచ్చింది. అంతకు చాలా ముందే, 1892లో, జార్జి శాంప్సన్ అనే నల్లజాతి అమెరికన్ పొయ్యి వేడితో బట్టలారబెట్టే చట్రానికి పేటెంటు తీసుకున్నాడు.

ఇంత మంచి యంత్రమూ ఒకరోజు మొరాయిస్తుంది. గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. గంట గడిచినా లోపల బట్ట వేసినది వేసినట్టే తడిగా ఉంటుంది. మెకానిక్కుకి కబురు పెడతాం. ఆయన వచ్చి రెండు నిమిషాలు చూసి, "హీటరు పోయిందమ్మా" అంటాడు. పోయి ఉండొచ్చు. పోకపోయీ ఉండొచ్చు. ఆ తేడా తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. కాస్త ఓపిక, వరస తప్పని చూపు ఉంటే చాలు.

కుక్కరు తెలిస్తే డ్రయరు తెలిసినట్టే

డ్రయరు లోపల పెద్ద మాయ ఏమీ లేదు. బట్టలు తిప్పే డ్రమ్ము, దాన్ని తిప్పే మోటారు, గాలి లాగే ఫ్యాను, ఆ గాలిని వేడిచేసే హీటరు. మోటారు వేరు, హీటరు వేరు. అందుకే తిరుగుతూ కూడా వేడెక్కకపోవడం అనేది జరుగుతుంది.

వీటికి తోడు ఇద్దరు కాపలాదారులు ఉంటారు. మన ప్రెషర్ కుక్కరు గుర్తు తెచ్చుకోండి. ఆవిరి ఎక్కువైతే వెయిట్ లేచి కూత వేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. డ్రయరులో ఆ పని చేసేది థర్మోస్టాట్. వేడి హద్దు చేరగానే హీటరుకి కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్ళీ ఇస్తుంది. కుక్కరులో వెయిట్ అడ్డుపడినప్పుడు సేఫ్టీ వాల్వు కరిగి ప్రమాదం తప్పిస్తుంది కదా, ఒకసారి కరిగిందంటే కొత్తది వేయాల్సిందే కదా, డ్రయరులో అలాంటిది థర్మల్ ఫ్యూజు. వేడి మితిమీరితే తాను తెగిపోయి హీటరుకి కరెంటు రాకుండా చేస్తుంది. కొన్ని మోడళ్ళలో ఇది పోతే యంత్రం అసలు తిరగనే తిరగదు. మరికొన్నిటిలో తిరుగుతుంది గానీ వేడి రాదు. ఇంకొన్నిటిలో ఫ్యూజుకి బదులు, నొక్కితే మళ్ళీ కలిసే చిన్న మీట ఉంటుంది.

ఈ పోలిక ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

చెడిపోయిందని ఎవరన్నారు?

ముందుగా, మనది నిజంగా వేడిగాలి యంత్రమేనా? సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్లో రెండో తొట్టిని మనం డ్రయరు అనే పిలుస్తాం. అది బట్టల్ని వేగంగా తిప్పి నీళ్ళు విదిలిస్తుందంతే, దాన్లో హీటరు ఉండదు. అందులోంచి వేడి రాలేదని మెకానిక్కుని పిలిస్తే ఆయన నవ్వుకుంటాడు. కొత్తగా వస్తున్న హీట్ పంప్ రకాల్లో వేడి ఉంటుంది గానీ పాతవాటంత చుర్రుమనదు, ఎక్కువసేపు తిరుగుతాయి. అదీ రోగం కాదు. ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే మెషీన్లో చేసేవి ఉన్నాయి. వాటిలో కొన్ని ఆవిరిని చల్లబరచడానికి ఆరబెట్టేటప్పుడు కూడా నీళ్ళు వాడుకుంటాయి. కుళాయి కట్టేస్తే బట్టలు సరిగ్గా ఆరవు.

రెండోది, మీటలు. చాలా యంత్రాల్లో వట్టి చల్లగాలి మాత్రమే వచ్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పిల్లలు తిప్పేసి ఉంటారు. చివరి కొద్ది నిమిషాలు ఏ యంత్రమైనా చల్లగాలే వదులుతుంది, బట్ట ముడతలు పడకుండా. ఆ సమయంలో చెయ్యిపెట్టి చూసి వేడి లేదనుకోకూడదు. పెట్టిన పది నిమిషాలకు చూడాలి.

మూడోది, కరెంటు. మన దగ్గర ఇళ్ళకి వచ్చేది 230 ఓల్టులు. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఉండాలి. ఫ్యాను, లైటు కోసం వేసిన 6 ఆంపియర్ల ప్లగ్గులో గానీ, పొడుగు తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో గానీ పెట్టకూడదు. ప్లగ్గు ముళ్ళు నల్లబడినా, సాకెట్టు మాడువాసన వచ్చినా అక్కడే ఆగి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇక వేసవి సాయంత్రాలు వీధంతా ఏసీలు వేసుకున్న వేళ ఓల్టేజి 180కి పడిపోయిందనుకోండి, ఆ 2000 వాట్ల హీటరు 1225 వాట్ల పనే చేస్తుంది. ఓల్టేజి అయిదోవంతు పైన తగ్గితే వేడి అయిదింట రెండువంతులు తగ్గుతుందన్నమాట. అప్పుడు తప్పు యంత్రానిది కాదు.

వేడి తక్కువా, అసలు లేదా?

మెకానిక్కుకి ఫోను చేసేముందు ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గరుండాలి. వైద్యుడి దగ్గరికి వెళ్ళేముందు జ్వరం ఎంతుందో చూసుకున్నట్టు.

వేడి ఉంది గానీ బట్టలు ఆరడం లేదంటే అనుమానం ముందు గాలిదారి మీద పెట్టుకోవాలి. ప్రతి బట్టా తిరిగేటప్పుడు కాస్త నూగు విడుస్తుంది. తువ్వాళ్ళు, నూలు దుప్పట్లయితే మరీనూ. అది జల్లెడలో, అంటే ఫిల్టరులో, పేరుకుంటుంది. గాలి ఆడదు. లోపలి వేడి బయటికి పోదు. థర్మోస్టాట్ మాటిమాటికీ హీటరుని ఆపేస్తుంటుంది. ప్రతిసారీ బట్టలు తీయగానే ఫిల్టరు శుభ్రం చేయాలి. పైకి శుభ్రంగా కనిపించినా ఒకసారి కుళాయి కింద పెట్టి చూడండి. బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవాల జిడ్డు పట్టి ఉంటే నీళ్ళు జల్లెడలోంచి దిగకుండా పైనే నిలుస్తాయి. పాత టూత్‌బ్రష్షుతో సబ్బు పెట్టి రుద్ది, ఆరాక పెట్టాలి. వెనక గొట్టం గోడకీ యంత్రానికీ మధ్య నలిగిపోయిందేమో, దాని మూతి తెరుచుకునే ఉందో లేదో చూడాలి. గొట్టం లేకుండా నీళ్ళు పట్టే డబ్బా ఉన్న రకమైతే ఆ డబ్బా ఖాళీ చేయాలి, కండెన్సరు విడిగా వచ్చేదైతే కడగాలి. బట్టలు నీళ్ళు కారుతూ వేయకూడదు, డ్రమ్ము నిండా కుక్కకూడదు.

వేడి అసలు లేదు, చల్లగాలే వస్తోంది అంటే లోపల ఎక్కడో కరెంటు దారి తెగిందన్నమాట. ఫ్యూజా, హీటరా, థర్మోస్టాటా, లేక వైరు కొసా? వీటిలో ఏదో చెప్పడానికి మల్టీమీటరు కావాలి.

మీటరు ముందు సిగ్గెందుకు?

మల్టీమీటరు మామూలు ఎలక్ట్రికల్ దుకాణంలో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బి.ఎస్సీ.లో నేర్చుకున్న ఓమ్ నియమం నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది దీనివల్లే! నియమాలు మాత్రం గట్టివి. వారంటీ ఉన్న యంత్రం విప్పకూడదు. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి మన కళ్ళెదుట పెట్టుకోవాలి. కాసేపు ఆగాలి. మోటారు దగ్గర డబ్బాలా ఉండే కెపాసిటరులో ప్లగ్గు పీకాక కూడా కరెంటు నిలవ ఉండొచ్చు, దాని జోలికి పోకూడదు. కరెంటు ఉండగా కొలిచే పని మనది కాదు. వైర్లు ఊడదీసేముందు ఫోనుతో ఫొటో తీసుకోవాలి. కొలిచే భాగానికి ఒకవైపు వైరు తీసేసి కొలవాలి, లేకపోతే వేరే దారిన వచ్చిన అంకె మనల్ని మోసం చేస్తుంది.

ఇప్పుడు మీటరుని బీప్ వచ్చే చోట పెట్టండి. రెండు కొసలూ థర్మల్ ఫ్యూజు రెండు కాళ్ళకి ఆనించండి. బీప్ అంటే ఫ్యూజు బాగుంది. అనకపోతే పోయింది. హీటరు దగ్గరుండే థర్మోస్టాట్లు కూడా చల్లగా ఉన్నప్పుడు బీప్ అనాలి. హీటరుకి మాత్రం మీటరుని ఓముల వైపు తిప్పండి. 2000 వాట్ల హీటరైతే సుమారు 26 ఓములు చూపించాలి. ఏ అంకే రాకపోతే తీగ తెగినట్టు. హీటరు ఒక కాలికీ, యంత్రం ఇనుపరేకుకీ మధ్య కూడా ఒకసారి చూడండి. అక్కడ ఏ అంకే రాకూడదు. వచ్చిందంటే హీటరు రేకుకి తగులుతోంది, ముట్టుకుంటే షాకు. కొన్నిటిలో థర్మిస్టరు అని ఉంటుంది. అది బీప్ అనదు, వేల ఓములు చూపిస్తుంది. అది దాని స్వభావం, పోయిందనుకోవద్దు.

మీటరు కంటే ముందు కన్ను పెట్టాల్సిన చోటు ఇంకోటుంది. హీటరుకి తగిలించిన వైరు కొసలు. మన ఉప్పుగాలికి గేటు గడియలే తుప్పు పడతాయి, ఇవెంత! కొస వదులైనా, తుప్పు పట్టినా అక్కడే వేడెక్కి నల్లగా మాడుతుంది. దానికి టేపు చుట్టడం మందు కాదు. మాడినంత మేర కోసి, వేడికి తట్టుకునే కొత్త కొస బిగించాలి. అన్నీ బాగుండి కూడా వేడి రాలేదంటే లోపం సర్క్యూట్ బోర్డులోనో, టైమరులోనో ఉంటుంది. అక్కడితో మన పని అయిపోయింది, మిగతాది తెలిసినవాళ్ళది.

"డైరెక్ట్ చేసేస్తానమ్మా"

ఇదంతా ఎందుకు నేర్చుకున్నానో చెబుతాను. మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి మంచానికే పరిమితమయ్యారు. రోజుకి నాలుగైదు పక్కగుడ్డలు. డ్రయరు కొన్నది ఆవిడ కోసమే. శ్రావణమాసం ముసురులో అది వేడెక్కడం మానేసింది. తెలిసినవాళ్ళు పంపిన కుర్రాడొకడు వచ్చి, విప్పకుండానే, "హీటరు మార్చాలమ్మా" అని వేలల్లో లెక్క చెప్పాడు.

"హీటరు పోయిందని ఎలా తెలిసింది బాబూ?" అన్నాను.

"ఎప్పుడూ అదేనమ్మా పోయేది."

"అయితే కొలిచి చూద్దాం" అని మావారి పనిముట్ల పెట్టెలోంచి మీటరు తెచ్చాను. హీటరు 27 ఓములు చూపించింది. ఫ్యూజు దగ్గర మాత్రం మీటరు నోరు విప్పలేదు. ఆ కుర్రాడు కాస్త తగ్గి, "ఈ పార్టు వారం పడుతుందమ్మా రావడానికి. ఈలోగా ఇబ్బంది లేకుండా డైరెక్ట్ చేసేస్తాను. ఇంకెప్పుడూ పోదు కూడా" అన్నాడు.

డైరెక్ట్ అంటే తెగిన ఫ్యూజు తీసేసి, ఆ రెండు వైర్లనూ ఒకదానికొకటి కలిపేయడం. యంత్రం ఆ క్షణం నుంచే వేడెక్కుతుంది. బాల్కనీ నిండా తడి దుప్పట్లు వేలాడుతుంటే ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి? కానీ ఆలోచించండి. కుక్కరు సేఫ్టీ వాల్వు కరిగిపోతే, ఆ రంధ్రంలో మేకు దిగ్గొట్టి పప్పు వండుతామా? ఫ్యూజు ఊరికే పోదు. ఏదో ఒకటి దాన్ని అంత వేడెక్కించింది. ఆ కారణం అలాగే ఉండగా కాపలాదారుని తీసేస్తే, ఈసారి తెగేందుకు ఏదీ మిగలదు, అంటుకునేందుకు నూగు మాత్రం ఉంటుంది. మా డ్రయరుకీ అత్తయ్యగారి మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అర్ధరాత్రి పొగ వస్తే మేం లేచి పరుగెత్తగలం. ఆవిడ పక్కకి ఒత్తిగిలడానికే మనిషి సాయం కావాలి.

వద్దన్నాను. సంగతంతా విన్న అత్తయ్యగారు, మాట ముద్దగా వస్తున్నా, "నా కాపురమంతా దండేల మీదే ఆరలేదుటమ్మా? వారం ఎంతలో పోతుంది" అన్నారు. ఆ వారం ఫ్యాన్ల కింద ఆరేశాం, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాం. ఇరుగుపొరుగు వాళ్ళు తలో రెండు దుప్పట్లూ ఇచ్చారు. ఫ్యూజు వచ్చింది. మూడొందలు కూడా కాలేదు.

అది బిగించేముందు కారణం వెతికాం. బాల్కనీ వైపు గొట్టం మూతిలో పావురాలు కాపురం పెట్టాయి! పుల్లలు, ఈకలు, వాటికి చుట్టుకుని తడి నూగు. వేడిగాలి బయటికి పోయే దారే లేదు. అంతా తీసి, గాలికి తెరుచుకునే రెక్క బిగించాం. మూతికి సన్నజాలీ మాత్రం కట్టలేదు, దానికి నూగు పట్టి మళ్ళీ అదే కథ అవుతుంది కాబట్టి. పాత ఫ్యూజు తీసి కొత్తది పెట్టడం సగం పని, అది ఎందుకు పోయిందో కనుక్కోవడం మిగతా సగం.

దూరదేశాల పాఠం

ఇది అతి భయం అనుకునేవాళ్ళు ఇంటింటా డ్రయరున్న దేశాల సంగతి వినండి. అమెరికాలో 2008 నుంచి 2010 వరకు ఏటా సుమారు 2,900 ఇళ్ళల్లో డ్రయర్ల వల్ల అగ్నిప్రమాదాలు జరిగాయని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం లెక్క కట్టింది. కారణాల్లో అన్నిటికంటే ముందున్నది శుభ్రం చేయకపోవడం, నూటికి 34. బ్రిటన్‌లో వర్ల్‌పూల్ సంస్థ 2015లో తమ హాట్‌పాయింట్, ఇండెసిట్ వంటి పేర్ల మీద అక్కడ అమ్మిన లక్షలాది డ్రయర్లలో నూగు హీటరుని తాకి అంటుకునే ప్రమాదం ఉందని ప్రకటించాల్సి వచ్చింది. 2016 ఆగస్టులో లండన్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు భవనం డ్రయరు నుంచి పుట్టిన మంటకి కాలింది. చివరికి 2019లో సరిచేయని వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అమెరికాలో ఉన్న మీ అమ్మాయో, కోడలో "అమ్మా, డ్రయరు తిరుగుతోంది గానీ వేడి లేదు" అంటే, మన చిట్కాకి ముందు ఇంకోటి చెప్పండి. అక్కడ ఎలక్ట్రిక్ డ్రయరుకి 240 ఓల్టులు రెండు వైర్ల మీద వస్తుంది. ఒక్కోటీ 120. మోటారు ఒక వైరుతోనే తిరుగుతుంది, హీటరుకి రెండూ కావాలి. అందుకని ఒక వైపు కరెంటు పోతే అచ్చం ఇదే లక్షణం. బ్రేకరుని పూర్తిగా కిందికి దించి మళ్ళీ పైకి వేసి చూడమనండి. గ్యాసుతో నడిచే డ్రయరైతే, గ్యాసు వాసన వస్తే స్విచ్చి కూడా ముట్టుకోకుండా బయటికి వచ్చి ఫోను చేయమనండి.

గుర్తుంచుకోవాల్సిన నాలుగు మాటలు

నూనె మర్దనా చేసిన తువ్వాళ్ళు, వంటింటి జిడ్డుగుడ్డలు డ్రయరులో వేయకండి. పసిపిల్లలకీ, పెద్దవాళ్ళకీ నూనె రాసే ఇళ్ళు మనవి. ఉతికినా నూనె పూర్తిగా వదలదు. వేడి తగిలి కుప్పగా ఉన్నప్పుడు అలాంటి గుడ్డ తనంత తానే అంటుకోగలదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అందరూ నిద్రపోయేటప్పుడు డ్రయరు వేసి ఉంచకండి.

మెకానిక్కు వస్తే ఏ భాగం పోయిందో మీటరుతో చూపించమనండి, తీసిన పాత భాగం మీ చేతికి ఇమ్మనండి. నిజాయితీగా పనిచేసేవాడు కోప్పడడు. డైరెక్ట్ చేస్తానంటే మాత్రం ఆయనెంత మంచివాడైనా వద్దని చెప్పండి.

ఆఖరి మాట, దండేలు తీసిపారేయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న ఊరు మనది. అప్పుడు ఊరందరి బట్టలూ ఆరింది తాళ్ళ మీదే. మేకులు గట్టిగా ఉన్నాయో లేదో వానలకు ముందే ఒకసారి లాగి చూసుకోండి.